రాత్రి వెలుగు, రొమ్ము క్యాన్సర్

ఒడిశాలో బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి మొదలుకొని పర్లాకిమిడి, రాయగడ, కోరాపుట్ ఆసుపత్రుల దాకా రాత్రంతా ట్యూబులైట్ల కింద మేలుకొని రోగులను కనిపెట్టుకునే సిస్టర్లలో, ఆయాలలో తెలుగు ఇళ్ల ఆడపడుచులూ ఉన్నారు. తెల్లవారాక ఇల్లు చేరి, పిల్లలను బడికి పంపి, వంట ముగించి, ఏ పదకొండు గంటలకో కిటికీ తలుపులు మూసుకొని నడుం వాల్చే ఈ స్త్రీల నిద్ర సంగతి ఇప్పుడు ప్రజారోగ్యంలో భాగంగా మాట్లాడుకోవలసి వస్తోంది.

చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. దాన్ని నిద్ర హార్మోను అంటున్నా, నిజానికి అది రాత్రి అయిందని ఒంటికి అందే కబురు. కంటి మీద వెలుతురు, అందులోనూ నీలి ఛాయ కలిసిన తెల్లని వెలుతురు పడితే ఆ కబురు సన్నగిల్లుతుంది. మెలటోనిన్ తగ్గితే ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోను ప్రభావం పెరిగి రొమ్ము కణాలు అదుపు తప్పవచ్చునన్న ఊహ 1978 నాటిది. రాత్రివేళ విద్యుద్దీపాల వెలుగుకూ ఇందులో పాత్ర ఉండవచ్చని 1987లో అమెరికా పరిశోధకుడు రిచర్డ్ స్టీవెన్స్ సూచించారు. 2005లో వెలువడిన ఒక అమెరికా ప్రయోగం ఈ ఊహకు బలమిచ్చింది. ఆరోగ్యవంతులైన స్త్రీల నుంచి పగటిపూట, చీకటి రాత్రిలో, రాత్రే దీపాల వెలుగులో ఉంచిన తర్వాత రక్తం సేకరించి, ఎలుకలలో పెంచిన మానవ రొమ్ము క్యాన్సర్ గడ్డలకు ఎక్కించగా, మెలటోనిన్ నిండుగా ఉన్న చీకటి రాత్రి రక్తం మాత్రమే గడ్డ ఎదుగుదలను అణచింది.

మనుషులలో రుజువు ఇంత సూటిగా లేదు. 78 వేల మందికి పైగా అమెరికా నర్సులను పరిశీలించి 2001లో ప్రకటించిన అధ్యయనంలో, 30 ఏళ్లు లేదా అంతకు మించి మారుతూ వచ్చే రాత్రి షిఫ్టులు చేసినవారికి, అసలు చేయనివారి కంటే రొమ్ము క్యాన్సర్ ముప్పు 36 శాతం ఎక్కువని తేలింది. 2016లో బ్రిటన్ పరిశోధకులు లక్షల మంది సమాచారాన్ని కలిపి చూసి అటువంటి సంబంధమేదీ కనబడలేదన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మాత్రం రాత్రి పనిని క్యాన్సర్‌ను బహుశా కలిగించే వాటి జాబితాలో 2007లో చేర్చి, 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచింది. డెన్మార్క్ అయితే ఏళ్ల తరబడి రాత్రులు పనిచేసి ఈ జబ్బున పడిన 40 మందికి దగ్గరగా స్త్రీలకు పరిహారమే చెల్లించింది. అనుమానం పూర్తిగా తీరేదాకా ఏ జాగ్రత్తా అక్కరలేదనే వాదన మాకు సమ్మతం కాదు. అలాగని నైట్ డ్యూటీ చేసే ప్రతి స్త్రీకీ క్యాన్సర్ వస్తుందని బెదరగొట్టడమూ తప్పే. మెలటోనిన్ మాత్రలు మింగితే ముప్పు తప్పుతుందనడానికి రుజువు లేదు గనుక, సొంతంగా కొని వాడవద్దని మనవి.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కేంద్ర కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు), సమ్మతి తెలిపిన మహిళలకు రాత్రి ఏడు దాటాక, ఉదయం ఆరుకు ముందు పనిచేసే వీలు కల్పించాయి. ఆ హక్కును మేము స్వాగతిస్తున్నాం. అయితే భద్రత అనగానే దారిలో తోడు, ఇంటికి వాహనం గురించే మాట్లాడి, ఒంట్లో గడియారం తలకిందులయ్యే సంగతి వదిలేయడం సరికాదు. వరుసగా మూడు రాత్రులకు మించి డ్యూటీ వేయరాదని, షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య కనీసం 11 గంటల విరామం ఉండాలని ఈ విషయం చదివిన నిపుణులు చెబుతున్నారు. డ్యూటీ చార్టు రాసే అధికారి తలచుకుంటే ఇందుకు పెద్దగా ఖర్చేమీ కాదు.

ముప్పై దాటిన స్త్రీలకు రొమ్ము పరీక్ష చేయాలని క్యాన్సర్ వంటి అంటుకోని జబ్బుల నివారణకు నడిచే జాతీయ కార్యక్రమమే చెబుతోంది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నామన్నవారు నూటికి ఒక్కరైనా లేరు. గడ్డ ముదిరాక కటక్‌కో విశాఖకో పరుగెత్తే బదులు, నైట్ డ్యూటీ చేసే ప్రతి మహిళకూ ఏటా ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే ఈ పరీక్ష చేయించాలని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల ఆరోగ్య యంత్రాంగాన్ని కోరుతున్నాం. తమ రొమ్మును తాము ఎలా గమనించుకోవాలో, ఏ మార్పు కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలో ఒడియాతో పాటు తెలుగులోనూ, కువి, సవర భాషలలోనూ ఆశా కార్యకర్తల చేత చెప్పించాలి.