తాగి పడిపోయాక కాదు, అమ్మకముందే పరీక్ష

2025 జులైలో కూకట్‌పల్లి పరిసరాల్లో కల్లు తాగినవాళ్లు వాంతులు, విరేచనాలతో వరసబెట్టి ఆస్పత్రుల్లో చేరారు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లను నిమ్స్‌కు తరలించారు. పలువురు చనిపోయారు. ఆ తర్వాత అధికారులు కల్లు కాంపౌండ్లకు వెళ్లి నమూనాలు తీశారు, ల్యాబుకు పంపారు. నిద్రకు, ఆందోళనకు డాక్టర్లు రాసే అల్ప్రాజోలం అనే మత్తుమందు కలిసినట్టు తేలింది. లైసెన్సులు రద్దయ్యాయి, అరెస్టులూ జరిగాయి. పోయిన ప్రాణాలకు ఇవేవీ అక్కరకు రాలేదు. అదే పరీక్ష నాలుగు రోజుల ముందు జరిగి ఉంటే ఆ ఇళ్లలో చావు ఉండేది కాదన్నదే మా బాధ.

పరీక్ష చేసే చోటు లేక ఇలా జరిగిందా అంటే, హైదరాబాద్‌కు ల్యాబుల కొరత లేదు. నాచారంలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల ఉంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉన్నాయి. రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబు, రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబు ఉన్నాయి. దేశానికి మందులు చేసిపెట్టే నగరం ఇది. ఆ మందుల్లో ఒకటి దారి తప్పి కల్లులోకి చేరుతోంది. డాక్టరు రాసే అల్ప్రాజోలం మాత్రలో మందు పావు మిల్లీగ్రామో, అర మిల్లీగ్రామో ఉంటుంది. అదే మందును ఊరి బయట షెడ్లలో దొంగచాటుగా కిలోల లెక్కన వండుతుంటే అధికారులు ఒకటికి పదిసార్లు పట్టుకున్నారు. ఆ పొడిని కాంపౌండులో డ్రమ్ముకు ఎంత వేయాలో కొలిచేవాడు కెమిస్టు కాదు. ఈ రోజు చిటికెడు, రేపు గుప్పెడు.

కల్లులో మందు ఎందుకు కలుపుతారో నగరంలో అందరికీ తెలుసు. చెట్టు నుంచి దించిన తాటికల్లుకో ఈతకల్లుకో ఉండే మత్తు తక్కువ, ఇంచుమించు బీరంత. పొద్దున దించింది సాయంత్రానికి పులిసిపోతుంది. హైదరాబాద్‌లో గిరాకీకి సరిపడా చెట్లు ఎక్కడున్నాయి? కాబట్టి ఉన్న కల్లులో నీళ్లు పోస్తారు. పలచబడితే తీపికి శాక్రిన్, కిక్కుకు మత్తుమందు. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, ఆ తర్వాత డైజిపామ్, ఇప్పుడు అల్ప్రాజోలం. మోకు, ముస్తాదు వేసుకుని ప్రాణాలకు తెగించి చెట్టెక్కే గీత కార్మికుడికి ఈ డ్రమ్ములతో సంబంధం లేదు. కానీ కల్తీ కల్లు వార్త వచ్చిన ప్రతిసారీ అతని లొట్టినీ జనం అనుమానంగానే చూస్తారు. పరీక్ష మొదట కాపాడేది అతన్నే.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఏళ్ల తరబడి ఈ మందు కల్లు తాగినవాడికి అది ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, మాట తడబడుతుంది, ఫిట్స్ వస్తాయి. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీపై దాడులు మొదలయ్యాక జరిగింది అదే. వింతగా ప్రవర్తిస్తున్న మనుషులను ఇంటివాళ్లు ఆస్పత్రులకు మోసుకొచ్చారు. దయ్యం పట్టిందనుకున్నవాళ్లూ ఉన్నారు. కాబట్టి కాంపౌండుకు తాళం వేసే రోజునే ఆ బస్తీలోని ప్రభుత్వ ఆస్పత్రికి కబురు వెళ్లాలి. మందును మెల్లమెల్లగా తగ్గించే వైద్యం అక్కడ సిద్ధంగా ఉండాలి. దాడి ఎక్సైజ్ వాళ్ల పని, వైద్యం ఇంకొకరి పని అనుకుంటే ఆ మధ్యలో మనుషులు పోతారు.

ల్యాబులో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూస్తే, ఏ పరీక్ష దేన్ని పడుతుందో అర్థమవుతుంది. నమూనాను ఫ్లాస్కులో పోసి మరిగిస్తారు. ఆవిరి చల్లబడి చుక్కచుక్కగా కిందికి దిగుతుంది. ఆ నీళ్లలాంటి ద్రవాన్ని 20 డిగ్రీల దగ్గర ఉంచి హైడ్రోమీటరు వేస్తే, అది ఎంత లోతుకు మునిగిందనే దాన్నిబట్టి ఆల్కహాల్ శాతం తెలుస్తుంది. విస్కీ సీసా మీద 42.8 అనీ, స్ట్రాంగ్ బీరు మీద 8 లోపు అనీ కనిపించే అంకె ఇలా వచ్చేదే. అయితే మిథనాల్ దగ్గర హైడ్రోమీటరు మోసపోతుంది. తాగే ఆల్కహాల్ అయిన ఇథనాల్ సాంద్రత 0.789, విషమైన మిథనాల్ సాంద్రత 0.791. రెండూ దాదాపు ఒకే బరువు. వాసనతో, రుచితో వాటిని విడదీయడం ఎవరి తరమూ కాదు. నీలం మంట వస్తే మంచి సరుకని అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి నమ్మకండి, రెండూ నీలంగానే మండుతాయి. రెండింటినీ నమ్మకంగా విడదీసేది గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం. ఒక చుక్క ఎక్కిస్తే గ్రాఫు మీద దేని గీత దానికి వేరుగా లేస్తుంది.

ఆ గీత చూడకుండా అమ్మితే ఏమవుతుందో 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో చూశాం. మిథనాల్ కలిసిన నాటుసారా 60 మందికి పైగా ప్రాణాలు తీసింది. మిథనాల్ ఒంట్లోకి వెళ్లాక ఫార్మిక్ యాసిడ్‌గా మారి ముందు కళ్లను, ఆపైన ప్రాణాన్ని తీస్తుంది. లక్షణాలు బయటపడటానికి చాలాసార్లు 12 నుంచి 24 గంటలు పడుతుంది. తాగినవాడు ఇంటికెళ్లి పడుకుంటాడు. పొద్దున లేచేసరికి చూపు మసక.

మరి అల్ప్రాజోలం సంగతి? దానికి హైడ్రోమీటరూ చాలదు, ఆల్కహాల్ పరీక్షా చాలదు. ఏ మందు కోసం వెతుకుతున్నామో తెలిసి, దానికి తగ్గ పరీక్ష చేయాలి. క్లోరల్ హైడ్రేట్‌ను పట్టడం తేలిక. పిరిడీన్, కాస్టిక్ సోడా కలిపి వేడి చేస్తే ఎర్రబడుతుంది. అల్ప్రాజోలం జాతి మందులను నిమిషాల్లో పసిగట్టే స్ట్రిప్పులను ఆస్పత్రుల్లో మూత్ర పరీక్షకు ఎప్పటినుంచో వాడుతున్నారు. కల్లుకు సరిపోయేలా వాటిని సరిచూసి, తయారుచేసి ఇవ్వడం ఈ నగరంలోని శాస్త్రవేత్తలకు పెద్ద పని కాదు. స్ట్రిప్పు మీద అనుమానం వస్తే ఆ డ్రమ్మును అక్కడే ఆపి నమూనాను ల్యాబుకు పంపాలి.

వైన్ షాపు సరుకు దారి వేరు. కంపెనీ నుంచి బేవరేజెస్ కార్పొరేషన్ డిపోకు, అక్కడి నుంచి షాపుకు వస్తుంది. మూత మీది హోలోగ్రామ్ పన్ను కట్టిన సరుకని చెబుతుంది. లోపల ఏముందో ల్యాబే చెప్పాలి. బార్ల నుంచి ఖాళీ స్కాచ్ సీసాలు కొని, చవక విస్కీ నింపి, మళ్లీ మూత బిగించే ముఠాలు నగరంలో పట్టుబడుతూనే ఉన్నాయి. ఆ సరుకు ఆల్కహాల్ శాతం పరీక్షలో నిక్షేపంగా పాసైపోతుంది. అందులో వాసన, రుచి ఇచ్చే ఎస్టర్లనే పదార్థాలను, ఇతర ఆల్కహాళ్లను అసలు సరుకుతో పోల్చినప్పుడే గుట్టు బయటపడుతుంది. బీరుది ఇంకో కథ. అందులో ప్రాణం తీసే సూక్ష్మజీవులు సాధారణంగా బతకవు, కానీ ఎండకు, వేడికి బీరు పాడవుతుంది. మే నెలలో లారీ మీదో డిపో ఆవరణలోనో మగ్గిన పెట్టె ఫ్యాక్టరీలో పాసైంది కదా అని ఊరుకోలేం. షాపులో ఉన్న సీసాను కూడా తీసి చూడాలి.

2025 జనవరిలో ఒక పెద్ద కంపెనీ బీర్ల సరఫరా ఆపితే రాష్ట్రమంతా అదే చర్చ. ఫిబ్రవరిలో 15 శాతం ధర పెరిగితే మళ్లీ చర్చ. 2,620 షాపుల లైసెన్సుల కోసం తిరిగిరాని 3 లక్షల రూపాయల ఫీజు కట్టి వేలమంది లాటరీలో నిలబడితే ఖజానాకు ఎంత వచ్చిందో రోజూ లెక్కలు చూశాం. ఆ సరుకును ఎన్నిసార్లు పరీక్షించారు, ఎన్ని తప్పాయి అన్న లెక్క మాత్రం ఆ చర్చల్లో ఎక్కడా వినపడలేదు. వచ్చే డబ్బులో కొంతైనా పరీక్షలకు ఖర్చు పెట్టడం న్యాయం.

చట్టం లేదనడానికి వీల్లేదు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద మద్యం కూడా ఆహారమే. దానికి ప్రత్యేక ప్రమాణాలు 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. నమూనా అందిన 14 రోజుల్లో అనలిస్టు రిపోర్టు ఇవ్వాలి. చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం, కొన్న సరుకును ఫీజు కట్టి పరీక్ష చేయించుకునే హక్కు కొనుగోలుదారుకూ ఉంది. ఈ మాట ఎంతమందికి తెలుసు? వైన్ షాపు గోడ మీద ఎక్కడ రాసి ఉంది?

మద్యాన్ని పరీక్షించమనడం తాగమని చెప్పడమేనని కొందరు మిత్రులు అంటారు. ఈ పత్రిక మద్యాన్ని ఎన్నడూ సమర్థించదు. కానీ అడ్డా మీద కూలికి నిలబడి, సాయంత్రం ఉడికిన శనగలతో ఒక సీసా కల్లు తాగిన మనిషి చావాల్సిన అవసరం లేదు. సర్కారే లైసెన్సు ఇచ్చి అమ్మిస్తున్నప్పుడు అందులో ఏముందో చూసే బాధ్యతా సర్కారుదే.

ఎక్సైజ్ శాఖను మేము కోరేది ఇది. ప్రతి కల్లు కాంపౌండులో అమ్మకం మొదలుకాకముందే రోజూ స్ట్రిప్పు పరీక్ష జరగాలి. డిపోల్లో, షాపుల్లో తీసిన నమూనాల ఫలితాలను బ్యాచ్ నంబరుతో సహా నెలనెలా బయటపెట్టాలి. తప్పిన సరుకు పేరు దాచకూడదు. ఆ రోజు ఫలితం కాంపౌండు గేటు దగ్గర, ధరల బోర్డు పక్కనే తెలుగులో, ఉర్దూలో అంటించాలి. ఈ పనిని కూకట్‌పల్లి నుంచే మొదలుపెట్టండి.