ఖండన బిందువు గారికి బహిరంగ లేఖ

అయ్యా ఖండన బిందువు గారూ,

ఎవరిమీదైనా తప్పుడు వార్త అచ్చయితే మర్నాటి పేపర్లో ఖండన వస్తుంది. రెండు గీతలు ఒకదాన్నొకటి ఖండించుకునే చోటే తమరి మకాం, తమరి పేరులోనే ఖండన ఉంది. అయినా తమరు ఒకచోట ఉంటే మరోచోట ఉన్నారని మేం రాసుకున్నా, ఒక్కసారైనా ఖండించిన పాపాన పోలేదు.

2ఎక్స్ + 3వై = 12, ఎక్స్ − వై = 1 అనే రెండు గీతల సమీకరణాల జతనే తీసుకుందాం. రెండోదాన్ని 2తో గుణించి మొదటిదాంట్లోంచి తీసేస్తే 5వై = 10. తమరు (3, 2) దగ్గరున్నారు. కానీ ఆ తీసివేతలో −2వై గుర్తు మార్చడం మరిచిపోతే 5వై కాస్తా ఒట్టి వై అయి కూర్చుంటుంది. వై 10, దాన్ని రెండోదాంట్లో పెడితే ఎక్స్ 11. సరిచూద్దామని మళ్లీ ఆ రెండో సమీకరణాన్నే అడిగితే, 11 − 10 = 1, భేషంటుంది! అనక ఏంచేస్తుంది, ఎక్స్‌ను రాబట్టింది అందులోంచే కదా. మొదటిదాన్ని అడిగితే గానీ 12 రావాల్సిన చోట 52 వచ్చి బండారం బయటపడదు.

గీతల వాలులు, అంటే ఏ గీత ఎంత ఏటవాలుగా ఉందో చెప్పే అంకెలు పట్టుకుని వద్దామంటే నిలువు గీతకు వాలే లేదు, సున్నాతో భాగహారం దగ్గర కంప్యూటర్ ప్రోగ్రాం చతికిలబడుతుంది. అందుకే 1750లో గణితజ్ఞుడు క్రామర్ అచ్చువేయించిన నిర్ధారకం దారే నయం. పై జతలో ఎక్స్, వైల ముందున్న గుణకాలను ఐమూలగా గుణించి తేడా చూస్తే 2 × (−1) − 1 × 3 = −5. సున్నా కాలేదు కాబట్టి తమరు ఉన్నట్టే. సున్నా వస్తే మాత్రం తమరు ఎక్కడా లేకపోవచ్చు, లేదా గీత పొడుగునా తమరే కావచ్చు. ఏ సంగతీ చెప్పరు, 12, 1 లాంటి స్థిరాంకాలను కూడా పోల్చి మేమే తేల్చుకోవాలి.

అసలు తంటా ఆ నిర్ధారకం సున్నా దరిదాపుల్లో ఉన్నప్పుడు. వై = ఎక్స్, వై = 1.01ఎక్స్ − 1 గీతలకు తమరి మకాం (100, 100). ఆ చివరి 1ని 1.01 చేస్తే చాలు, (101, 101)కి మారిపోతారు! ఎక్స్ 90 నుంచి 110 దాకా ఆ గీతల మధ్య నిలువు ఎడం 0.1 దాటదు. గ్రాఫు కాగితం మీద పెన్సిలు మందంలో తమర్ని ఎక్కడని వెతకాలి?

ఇక రేఖాఖండాలు, అంటే రెండు కొసలున్న గీత ముక్కలు. (0, 0) నుంచి (1, 1) దాకా ఒకటి, (3, 0) నుంచి (2, 1) దాకా ఇంకొకటి. రెండూ ఎక్కడా తాకవు. అయినా ముక్కల్ని నిండు గీతలుగానే లెక్కేసే సూత్రం మాత్రం తమరు (1.5, 1.5)లో ఉన్నారని ధీమాగా చెప్పేస్తుంది. తమరేమో ఎప్పటిలాగే మౌనం.

ఇట్లు,
తమరి కోసం రబ్బర్లు అరగదీస్తున్నవాళ్లం