డిసెంబర్ తర్వాత జనవరి లేదట

సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూల్లో ఓ ప్రశ్న ఉంది: బుద్ధిగా వరసలో ఉన్న అంకెల జాబితాను ఎవడో మధ్యలో విరిచి, వెనక ముక్క తెచ్చి ముందు పెడతాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అనరు. అందులో అంకె వెతకలేకపోయినవాడికి మాత్రం ఉద్యోగం ఇవ్వరు. ఇదెక్కడి న్యాయమని ఇంటర్వ్యూలోనే నిలదీద్దామనుకున్నాను. ఉద్యోగం అవసరం నాది కాబట్టి ఊరుకున్నాను.

అసలు ఈ తిప్పుడు పని మనకు తెల్లదొరలు అంటగట్టి పోయిందే. మన ఆర్థిక సంవత్సరం చూడండి: 4, 5, 6 అంటూ 12 దాకా వెళ్లి, మళ్లీ 1, 2, 3. ఇది 1867 నుంచి ఉన్న వరస. అంతకుముందు మే నుంచి ఏప్రిల్ దాకా ఉండేది. అంటే తిప్పి ఉన్నదాన్నే ఇంకో గడి తిప్పారన్నమాట!

సరే, ఆ నెలల జాబితా మీదే నేను రాసిన బైనరీ సెర్చ్ ప్రోగ్రామ్ నడిపాను. మధ్య గడి చూడాలి, సగం పారేయాలి. మొదటి గడి కన్నా మధ్య గడి పెద్దదైతే ఎడమ సగం వరసలో ఉన్నట్టు, కాకపోతే కుడి సగం. ఫిబ్రవరిని అడిగితే 9, 12, 2 చూసి మూడో చూపులో పట్టేసింది. 12 నెలలూ అడిగాను, అన్నీ చెప్పింది. కాలర్ ఎగరేశాను.

అక్కడితో పడుకోవాల్సింది. ఊరికే 12, 1 అని రెండే నెలలిచ్చి, జనవరి ఎక్కడని అడిగాను. మైనస్ ఒకటి అంది. అంటే లేదట.

నా తప్పేమో అన్న ఆలోచన ముందు రాలేదు. జావా అనే ప్రోగ్రామింగ్ భాషతో పాటు వచ్చే లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లోనే ఓ తప్పు దాదాపు తొమ్మిదేళ్లు దాక్కుని 2006లో బయటపడింది. మధ్య గడి కోసం రెండు చివరి గడుల నంబర్లూ కూడితే, మొత్తం 214,74,83,647 దాటగానే మైనస్‌లోకి పోయేది. నాదీ అదే పెద్దమనుషుల జబ్బు అనుకున్నాను. నా జాబితాలో ఉన్నవి రెండు గడులు.

రెండున్నరకి విషయం తేలింది. రెండే గడులున్నప్పుడు మధ్య గడి అంటే మొదటి గడే. 12 కన్నా 12 పెద్దదా? కాదు. అయితే వరసలో ఉన్నది కుడి సగమే. 12 దాటాక 1 వస్తుందా? రాదు. అయితే ఎడమకి పో. ఎడమన గడులే లేవు. సర్కారు ఆఫీసులో ఫైలులాగా, ప్రతి బల్ల దగ్గరా రూలు ప్రకారమే జరిగింది. పనే కాలేదు.

‘పెద్దదైతే’ పక్కన ‘లేదా సమానమైతే’ చేర్చాను. ఒక్క గుర్తు.

మంచినీళ్లకి లేచిన అమ్మ, ఇంకా పడుకోలేదేంరా అంది.

“జనవరి దొరకలేదమ్మా, వెతుకుతున్నాను.”

అమ్మ లైటు వేసి, గోడ మీది క్యాలెండర్ చూపించింది.