విమాన ఉద్యోగం: సీటు మిగిలితేనే ఉచితం

నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. మూలాపేటలో మా పక్కింటివారు పంపారు, కావలి నుంచి మా పెద్దమ్మ కొడుకు పంపాడు, ఆఖరికి పాలు పోసే అబ్బాయి కూడా పంపాడు. పెద్ద విమాన సంస్థలో ఉద్యోగం వస్తే కుటుంబమంతా జీవితాంతం ఉచితంగా తిరగవచ్చట. ఆరు నెలల కోర్సు చేస్తే చాలట. చేరగానే లక్ష జీతం, రోజుకు ఎనిమిది గంటలే పని. దగదర్తిలో విమానాశ్రయం వచ్చాక సొంత జిల్లాలోనే కొలువు. చెన్నై మీనంబాక్కం విమానాశ్రయంలో ఒక విమాన సంస్థ కౌంటరులో పదకొండేళ్లు నిలబడి పనిచేసినవాణ్ని. ఇది చదివి ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ముందు ఆ ఉచిత ప్రయాణం సంగతి. ఉద్యోగికిచ్చే టికెట్ మామూలు టికెట్ కాదు. డబ్బు పెట్టి కొన్నవారంతా ఎక్కాక సీటు మిగిలితే మనకు, లేకపోతే లేదు. ధర తగ్గినా పన్నులు, విమానాశ్రయ రుసుములు చాలావరకు మనమే కట్టాలి. కుటుంబమంటే మా సంస్థలో భార్య, పిల్లలు, తల్లిదండ్రులు. బావమరిదికి చోటు లేదు, ఆ విషయం మా ఇంట్లో చెప్పడానికే నాకు ఒక ఏడాది పట్టింది.

కార్తీక మాసంలో అమ్మానాన్నలను ఢిల్లీ మీదుగా కాశీకి తీసుకువెళ్లాను. పోవడం హాయిగా పోయాం. తిరుగు ప్రయాణం పౌర్ణమి మర్నాడు పెట్టుకున్నాను, అది నా తెలివితక్కువతనం. దేశంలోని భక్తులంతా ఆ రోజే ఇళ్లకు బయలుదేరారు. సంస్థ పేరు నిలబెట్టేలా తయారై రావాలన్న నియమం ఉంది కనుక అమ్మ పట్టుచీర కట్టుకుని, గంగ చెంబు ఒళ్లో పెట్టుకుని కౌంటరు ఎదుట కూర్చుంది. సీటు ఖరారయ్యేదాకా పెట్టెలు కూడా తీసుకోరు. కౌంటరు మూసేవేళ పేర్లు పిలిచారు: రెండు సీట్లున్నాయి, మేము ముగ్గురం. మర్నాడు ఒక్కటీ లేదు. "ఎర్రబస్సులో అయితే నిలబడైనా వెళ్లేవాళ్లం కదరా" అన్నాడు నాన్న. మూడో రోజు పూర్తి ధర పెట్టి మూడు టికెట్లు కొన్నాను. నా నెల జీతం దానికి చాలలేదు.

అలాగని ఆ సౌకర్యం వట్టిదని అనను. ఫిబ్రవరిలో, మంగళవారం నాడు, చేతిసంచితో ఒంటరిగా బయలుదేరేవాడికి అంతకు మించిన భాగ్యం లేదు. పెళ్లికాని రోజుల్లో నేను కొచ్చి వెళ్లి భోజనం చేసి సాయంత్రానికి తిరిగి వచ్చేవాణ్ని. సంక్రాంతికీ వేసవి సెలవులకూ పిల్లలతో వెళ్దామనుకుంటేనే తంటా.

ఇక "జీవితాంతం" అన్న మాట. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ విమాన సంస్థ ఆగిపోయింది. 2019 ఏప్రిల్ 17 రాత్రి అమృత్‌సర్ నుంచి ముంబయికి వెళ్లినదే జెట్ ఎయిర్‌వేస్ ఆఖరి విమానం. 2023 మేలో గో ఫస్ట్ ఆగింది. విమానం నేలకు దిగిననాడు ఉచిత టికెట్టూ దిగిపోతుంది, దానితోపాటు జీతమూ. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇండిగో కూడా పది శాతం సిబ్బందిని తగ్గించుకుంది.

ఆరు నెలల కోర్సు మాటకు నాకు నిజంగా కోపం వచ్చింది. మా వీధిలో ఒక అమ్మాయి నిరుడు రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో ఉద్యోగ రొట్టె పట్టుకుంది. కోరిక తీరితే ఈ ఏడు తిరిగి రొట్టె ఇవ్వాలి. ఈలోగా ఒక శిక్షణ సంస్థ లక్షన్నర కడితే గగనసఖి (ఎయిర్‌హోస్టెస్) ఉద్యోగం ఖాయమంది. ఇంటరు పాసై పద్దెనిమిదేళ్లు నిండినవారిని సంస్థలు తామే ఎంపిక చేసుకుని, తామే శిక్షణ ఇస్తాయి. ఆ లక్షన్నర ధ్రువపత్రం లేదని ఎవరినీ వెనక్కి పంపగా నేను చూడలేదు. ఎంపికకు డబ్బు అడిగారంటే అది మోసమే. ఇంకో మాట. విమానాశ్రయంలో సామాను ఎత్తేవారు, మెట్లబండి నడిపేవారు చాలామంది గుత్తేదారు కంపెనీల మనుషులు. వారికి ఈ ఉచిత టికెట్ల ఊసే ఉండదు.

లక్ష జీతమా? గగనసఖి జీతంలో పెద్ద భాగం ఎగిరిన గంటలకు ఇచ్చేది. జ్వరం వచ్చి పడుకుంటే అది పోతుంది. పైలట్లకు ఎక్కువే వస్తుంది, కాని వాణిజ్య లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి, ఆ ఖర్చుకు మన వైపు పొలం అమ్మాల్సిందే.

ఎనిమిది గంటలన్నవారు తెల్లవారుజామున నాలుగింటి విమానానికి కౌంటరు ఎప్పుడు తెరుస్తారో కనుక్కోవాలి. ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచి, రాత్రి దిగడాలపై పరిమితి బిగించారు. కొత్త నియమాలకు సరిపడా ఏర్పాట్లు లేక 2025 డిసెంబరులో ఇండిగో వేల విమానాలు రద్దు చేసింది. నియమం రాసినవారు ఢిల్లీలో ఉన్నారు, తిట్లు తిన్నది కౌంటరులోని పిల్లలు.

దగదర్తి గురించి ఏళ్లుగా వింటున్నాం, ఇంకా ఒక్క విమానమూ దిగలేదు. దిగినా సిబ్బంది మకాం హైదరాబాదో బెంగళూరో ఢిల్లీయో అవుతుంది, సొంత ఊరు కాదు.

ఈ సందేశానికి జవాబుగా ఒక పెద్దాయన "గాలిలో కాఫీలు అందించే పనికి ఆడపిల్లలనా?" అని రాశారు. ఆయనకూ ఒక మాట. ప్రమాదం జరిగితే 90 సెకన్లలో విమానం ఖాళీ చేయించడం, మంటలు ఆర్పడం, ప్రాణం నిలిపే ప్రథమ చికిత్స వారి అసలు విద్య. కాఫీ ఆ తరువాత. ఆ ఉద్యోగం కోసం గగనసఖులు కోర్టుకెక్కి పోరాడారు కూడా: మొదటిసారి గర్భం దాల్చితే ఉద్యోగం తీసేయాలన్న ఎయిరిండియా నిబంధనను 1981లో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

నాకు పి.ఎఫ్. వచ్చింది, నాన్న కంటి ఆపరేషనుకు బీమా వచ్చింది, రాత్రి డ్యూటీకి ఇంటి ముందుకు వాహనం వచ్చింది, తమిళం, హిందీ వచ్చాయి. వీటిలో ఒక్కటీ ఆ సందేశంలో లేదు.

ఆ అమ్మాయి లక్షన్నర కట్టలేదు. వచ్చే వారం చెన్నైలో ఒక సంస్థ నేరుగా ఇంటర్వ్యూలు చేస్తోంది. తండ్రీకూతుళ్లకు ముందురోజు పినాకిని రైలులో టికెట్లు తీసి ఇచ్చాను. రెండూ ఖరారైన సీట్లే.