ప్రింటర్ ఏం చేయగలదో ప్రింటరే చెప్పాలి

తిరుపతి బస్టాండు చుట్టుపక్కల, యూనివర్సిటీ రోడ్డు వెంట ఉన్న నెట్ సెంటర్లలో ఇంకా అక్కడక్కడా విండోస్ 7 కంప్యూటర్లు కనిపిస్తాయి. సాధారణ వినియోగదారులకు దాని భద్రతా అప్‌డేట్లు 2020 జనవరిలోనే ఆగిపోయాయి. అయినా షాపువాళ్లు తీసేయరు. ఎందుకంటే దానికి తగిలించిన లేజర్ ప్రింటర్ కొత్త కంప్యూటర్‌లో పలకదు. భక్తుల మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు, పిల్లల హాల్ టికెట్లు, అందరి ఆధార్ కార్డులు ఆ రక్షణ లేని కంప్యూటర్‌లోనే తెరుచుకుంటున్నాయి. దీన్ని షాపువాళ్ల పిసినారితనం అనడం అన్యాయం. డ్రైవర్ల, అంటే పరికరంతో కంప్యూటర్ మాట్లాడేలా చేసే సాఫ్ట్‌వేర్‌ల, ఏర్పాటులోనే లోపం ఉంది.

ప్రింట్ కొట్టే ముందు వచ్చే విండోను ఒకసారి గమనించండి. కాగితం రెండు వైపులా ముద్రించే ఆప్షన్ ఉందా, లీగల్ సైజు చూపిస్తోందా, రంగులు వస్తాయా అన్నవి ఆపరేటింగ్ సిస్టమ్‌కు సొంతంగా తెలియవు. డ్రైవర్ ఏం చెబితే అదే అది చూపిస్తుంది. యూఎస్‌బీ కేబుల్ పెట్టగానే పరికరం తన తయారీదారు నంబరు, మోడల్ నంబరు, ఏ తరగతికి చెందిందో చెప్పే నంబరు పంపుతుంది. కీబోర్డు, మౌస్‌లది 3. ప్రింటర్లది 7. పెన్‌డ్రైవ్‌లది 8. ఈ నంబర్లను విండోస్ తన ఐఎన్‌ఎఫ్ ఫైళ్లలో (ఏ పరికరానికి ఏ డ్రైవరో రాసి ఉండే ఫైళ్లు), ఉచితంగా దొరికే మరో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ తన మాడ్యూళ్ల (డ్రైవర్ ముక్కల) పట్టికలో వెతికి తగిన డ్రైవర్‌ను ఎక్కించుకుంటుంది.

కీబోర్డుకు ఇంతకు మించి పెద్ద తతంగం లేదు. తన దగ్గర ఏ బటన్లున్నాయో, ఏది నొక్కితే ఏ సంకేతం వస్తుందో అందరికీ తెలిసిన పద్ధతిలో అదే వివరించి పంపుతుంది. పదిహేనేళ్ల నాటి యూఎస్‌బీ కీబోర్డు ఈరోజు కొన్న కంప్యూటర్‌లో పనిచేయడానికి కారణం ఇదే. పాత ప్రింటర్లకు ఆ అదృష్టం లేదు. తరగతి 7 అనీ, ఫలానా మోడల్ అనీ, ఏ కమాండ్ భాష వచ్చో దాని పేరు వరకూ చెబుతాయి. కాగితం సైజులు, ట్రేలు, రెండు వైపుల ముద్రణ లాంటి అసలు సంగతులన్నీ కంపెనీ ఇచ్చే డ్రైవర్‌లోనే ఉంటాయి. చవక లేజర్ ప్రింటర్లలో చాలావాటికి పేజీని కూడా కంప్యూటరే తయారుచేసి, ఆ కంపెనీ సొంత ఫార్మాట్‌లో అందించాలి. అలాంటి ప్రింటర్‌కు కంపెనీ పాత తరం కంప్యూటర్లకు సరిపోయే 32 బిట్ డ్రైవర్ మాత్రమే ఇచ్చి వదిలేస్తే, ఇప్పటి 64 బిట్ విండోస్ దాన్ని ఒప్పుకోదు. డ్రమ్ము బాగుంటుంది, టోనర్ బజార్లో దొరుకుతుంది, కానీ యంత్రం మూలన పడుతుంది. నాకు బాధ కలిగించేది ఈ వృథానే.

దీనికి మందు ఇప్పటికే ఉంది. ఐపీపీ (ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్) అనే బహిరంగ పద్ధతిలో, నువ్వేం చేయగలవని అడిగితే ప్రింటరే జాబితా పంపుతుంది. డ్రైవర్ వేయకుండానే ఐఫోన్ నుంచి ముద్రించుకునేలా 2010లో ఆపిల్ తెచ్చిన ఎయిర్‌ప్రింట్ నిలబడింది దీని మీదే. అందుకు తగ్గట్టు తయారైన ప్రింటర్లలో, వైఫై లేకపోయినా ఇదే సంభాషణ యూఎస్‌బీ మీద కూడా నడుస్తుంది. ఇలాంటి ప్రింటర్లకు విడి డ్రైవర్లు అక్కర్లేదు కాబట్టి, కంపెనీల ప్రింటర్ డ్రైవర్లకు విండోస్ అప్‌డేట్ ద్వారా ఇచ్చే సేవను దశలవారీగా ముగిస్తామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో ప్రకటించింది. లినక్స్ వైపు ముద్రణ పనులు చూసే కప్స్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఆ దారిలోనే ఉంది. నేను దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

పరికరం తన గురించి తాను చెప్పుకున్నంత మాత్రాన అది నిజమైపోదు, నిజమే. ఒక టెరాబైట్ అని చెప్పుకునే నకిలీ పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌కూ అదే అబద్ధం చెబుతుంది. లోపలి చిప్ నిండాక ఎక్కించిన పెళ్లి ఫోటోలు గల్లంతవుతాయి. పద్ధతి తప్పే యూఎస్‌బీ స్టోరేజీ పరికరాల కోసం లినక్స్ కెర్నల్‌లో, అంటే దాని మూల భాగంలో, ప్రత్యేకంగా ఒక ఫైలే ఉంది. అయితే ఆ ఫైలు ఉండటం వల్లే నాకు నమ్మకం. పద్ధతి అందరికీ తెలిసినది కాబట్టి తప్పు పట్టుకోగలిగారు, సర్దగలిగారు. మూసిపెట్టిన డ్రైవర్‌లో తప్పుంటే కంపెనీ దయ కోసం ఎదురుచూడాల్సిందే.

పాత ప్రింటర్ల మాట మిగిలే ఉంది. వాటికి ఐపీపీ రాదు. కొన్నింటి ఫార్మాట్లను వలంటీర్లు కష్టపడి ఛేదించి లినక్స్ డ్రైవర్లు రాశారు, మిగతావాటికి ఆ దిక్కూ లేదు. డ్రైవర్ ఇవ్వడం మానేసిన రోజున ఫార్మాట్ వివరాలు బయటపెట్టాలని కంపెనీలను అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

అడిగే బలం షాపువాళ్లకు లేదు, పెద్దమొత్తంలో కొనేవాళ్లకు ఉంది. ఎస్వీ యూనివర్సిటీ, ఏర్పేడులోని ఐఐటీ, చిత్తూరు, తిరుపతి కలెక్టరేట్లు ప్రింటర్ల టెండరులో రెండు షరతులు రాయవచ్చు. యూఎస్‌బీ మీద కూడా ఐపీపీ పనిచేయాలి. డ్రైవర్ ఆపితే ఫార్మాట్ ప్రచురించాలి. మొదటి షరతును పరీక్షించడానికి నిపుణులు అక్కర్లేదు. ఒక లినక్స్ ల్యాప్‌టాప్‌కు ప్రింటర్‌ను కేబుల్‌తో కలిపి, కంపెనీ సాఫ్ట్‌వేర్ గానీ, ఆ మోడల్‌కు రాసిన వేరే డ్రైవర్ గానీ లేకుండా రెండు వైపులా ఒక కాగితం ముద్రించి చూస్తే చాలు. రాకపోతే బిల్లు ఆపాలి.