గ్యాస్ రాని ప్లాంటు, కాయ పట్టని చేను: ఐపీ పెట్టినవాళ్లకు రెండు న్యాయాలు

పేపర్ల జిల్లా పేజీల్లో తరచూ ఒక ప్రకటన కనిపిస్తుంది. పైన 'స్వాధీన ప్రకటన' అని ఉంటుంది. కింద అప్పు తీసుకున్నాయన పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, హామీ సంతకం పెట్టిన భార్య పేరు, బాకీ ఎంతో పైసలతో సహా ఉంటాయి. తర్వాత నాలుగు హద్దులు: తూర్పున ఫలానా వారి ఇల్లు, పడమర పంచాయతీ రోడ్డు. తాకట్టు పెట్టిన ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకుంటే, స్థానిక భాషలో వచ్చే ఒక పత్రికతో సహా రెండు పత్రికల్లో ఈ ప్రకటన వేయాలని 2002 నాటి సర్ఫేసీ చట్టం నిబంధనలు చెబుతున్నాయి. తెలియక ఎవరూ ఆ ఇల్లు కొని మోసపోకూడదన్నది ఉద్దేశం. ఊళ్లో మాత్రం దాన్ని అలా చదవరు. "వాళ్ల ఇల్లు పేపర్ల పడ్డదట" అనుకుంటారు. ఆ ఇంట్లో ఆడపిల్ల ఉంటే పెళ్లి సంబంధం దగ్గర కూడా ఆ మాట వస్తుంది.

అవే బ్యాంకులకు వందల కోట్లు ఎగ్గొట్టినవాళ్ల వివరాలు ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద అడిగితే, అది గోప్యమని రిజర్వ్ బ్యాంక్ ఏళ్ల తరబడి నిరాకరించింది. ఇవ్వాల్సిందేనని 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇంటి నంబరుతో సహా పేరు బయటపెట్టడానికి ఒకరి విషయంలో ఒక ప్రకటన చాలింది. ఇంకొకరి విషయంలో దేశంలోని అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లాల్సి వచ్చింది.

మన మాటల్లోనూ ఈ తేడా ఉంది. స్టార్టప్ పెట్టినవాడికి డబ్బొస్తే 'ఫండింగ్ వచ్చింది' అంటాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఫ్లాటు కొంటే 'లోన్ శాంక్షనయింది' అని స్వీట్లు పంచుతారు. రైతుకో, కిరాణా కొట్టాయనకో వచ్చేసరికి అదే డబ్బు 'అప్పు' అవుతుంది, అదీ గొంతు తగ్గించి చెప్పే మాట. అప్పు చేసి పప్పుకూడు తిన్నాడని ఎత్తిపొడిచేది కూడా ఎప్పుడూ చిన్నవాణ్నే. పెద్దవాడు పరాయి సొమ్ముతో విమానాలు కొంటే దాన్ని ధైర్యం అన్నాం. విజయ్ మాల్యా 2005లో కింగ్‌ఫిషర్ విమానాలు మొదలుపెట్టినప్పటి నుంచి 2012లో అవి ఆగిపోయేదాకా ఈ దేశం ఆయన్ను చూసి మురిసిపోయింది. కోపం వచ్చింది 2016 మార్చిలో ఆయన దేశం దాటిపోయాకే. అప్పటికి బ్యాంకులకు రావాల్సింది 9 వేల కోట్లు.

నేను చెప్పదలచుకున్నది మాల్యా గురించి కాదు. నిజాయితీగా దెబ్బతిన్నవాళ్ల గురించి. అలాంటివాళ్లు పెద్దల్లోనూ ఉన్నారు, చిన్నవాళ్లలోనూ ఉన్నారు. కానీ దెబ్బతిన్నాక ఇద్దరి దారులూ ఒకటి కావు.

వరంగల్ జిల్లాలో మా ఊళ్లో ఎరువులు, పురుగుమందులు అమ్మే సేటు ఒకాయన ఉండేవాడు. రైతులకు ఉద్దెర ఇచ్చేవాడు. పత్తి అమ్మినాక కట్టాలన్నది మాట. 1997లో పత్తికి లద్దెపురుగు తగిలింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. వర్షాలు కూడా అదను తప్పాయి. ఆ ఏడాది, మరుసటి ఏడాది వరంగల్ పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా వార్తలయ్యాయి. రైతుల దగ్గర రావాల్సిన డబ్బు రాలేదు. కంపెనీ డీలరుకు కట్టాల్సింది మాత్రం ఆగలేదు. సేటు ఊళ్లో ప్రామిసరీ నోట్లు రాసిచ్చి నూటికి రెండు రూపాయలకు, మూడు రూపాయలకు తెచ్చాడు. నెలకు మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 36. చివరికి ఐపీ పెట్టాడు.

ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. బాకీలు తీర్చలేనని కోర్టుకు చెప్పుకోవడం. చట్టం ఇచ్చిన హక్కే. మా ఊళ్లో మాత్రం 'ఐపీ పెట్టిండు' అంటే 'ముంచిండు' అని అర్థం. మర్నాడు పొద్దున్నే ఆ ఇంటి ముందు జనం చేరారు. ఒకరు సైకిల్ తీసుకుపోయారు, ఒకరు సీలింగ్ ఫ్యాన్ విప్పుకుపోయారు. మా నాయనమ్మ బర్రెనమ్మిన డబ్బు 8 వేలు ఆయనకు ఇచ్చి ఉంది. ఆమె పోలేదు. "తిని ఎగ్గొట్టలే బిడ్డా, ఆయనకు రావాల్సినయి రాలే" అన్నది. ఆ కుటుంబం ఊరొదిలి పోయింది. కొన్నేళ్లకు ఒక సంక్రాంతికి ఆయన వచ్చి 500 ఇచ్చాడు. నాయనమ్మ ట్రంకు పెట్టెలోంచి నోటు తీసింది. వెనక చెల్లు, అంటే కట్టిన మొత్తం, రాసి సంతకం పెట్టాడు. ఆ నోటు ఇప్పుడు నా దగ్గరుంది. వెనక ఏడు చెల్లులున్నాయి. అన్నీ కలిపితే 4,200. వాటిని రాయించింది కోర్టు కాదు, ఆయన పరువు. ఆ పరువు ఆయన్ను పీల్చి పిప్పి చేసింది కూడా. మా వీధిలో ఒక్క పెళ్లికీ ఆయన మళ్లీ రాలేదు.

ఇక ఒక ప్లాంటు కథ, ఇంకో అప్పు. విజయవాడ పక్కన కొండపల్లిలో గ్యాస్‌తో నడిచే కరెంటు ప్లాంటును ల్యాంకో అనే కంపెనీ కట్టింది. కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాస్ పుష్కలంగా వస్తుందన్న నమ్మకంతో దాన్ని విస్తరించింది. వస్తుందనుకున్న గ్యాస్ రాలేదు. యంత్రాలు నిలబడ్డాయి, వడ్డీ నిలబడలేదు. ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ దెబ్బతినడానికి ఇదొక్కటే కారణం కాదు, చేతికి మించి చాలా ప్రాజెక్టులు ఎత్తుకుంది. 2017 జూన్‌లో దివాలా చర్యల కోసం రిజర్వ్ బ్యాంక్ గుర్తించిన 12 అతి పెద్ద మొండి ఖాతాల్లో అదీ ఉంది. అప్పు 40 వేల కోట్ల పైమాటే. కొనేవాళ్లు కుదరక 2018లో లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి మూసేయడానికి, వెళ్లింది.

ఆ కథను పత్రికలు ఎలా రాశాయో గుర్తు చేసుకోండి. 'ఇంధన కొరత', 'రంగం ఒడిదొడుకులు', 'ప్రాజెక్టు రిస్క్'. ఆ మాటల్లో తప్పు లేదు, అవి నిజమే. గ్యాస్ రాకపోతే ప్లాంటు నడపడం ఎవరి తరం? కానీ పత్తికి కాయ పట్టకపోతే బాకీ కట్టడం మా ఊరి సేటు తరం కాదని మాత్రం ఎవరూ రాయలేదు. ఆయన దగ్గర ఉద్దెర తెచ్చిన రైతు తరం కాదనీ రాయలేదు. ఇద్దరూ తమ చేతుల్లో లేని దాన్ని నమ్ముకుని అప్పు చేశారు. ఒకరిది బిజినెస్ రిస్క్ అయింది, ఇంకొకరిది నడవడికలో లోపం అయింది.

చట్టం కూడా ఈ చూపునే పాటిస్తోంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. 2016 మేలో పార్లమెంటు ఇన్సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్ట్సీ కోడ్ ఆమోదించింది. అదే ఏడాది డిసెంబరు 1 నుంచి కంపెనీల దివాలా భాగం అమల్లోకి వచ్చింది. గడువులున్నాయి, ప్రత్యేక ట్రిబ్యునళ్లున్నాయి, నిపుణులున్నారు. బ్యాంకులు ఒప్పుకున్న మేరకు తీసుకుని మిగతాది వదులుకుంటాయి. కొత్త యజమాని పాత బాకీల భారం లేకుండా మొదలుపెడతాడు. పరిష్కారమైన కేసుల్లో బ్యాంకులకు తిరిగొచ్చింది సగటున క్లెయిముల్లో మూడో వంతు దాకానే. అయినా ఆ ఏర్పాటు మంచిదనే నా అభిప్రాయం. ఫ్యాక్టరీ తుప్పు పట్టి కార్మికులు రోడ్డున పడటం కంటే మూడో వంతైనా రాబట్టి నడపడమే మేలు. కంపెనీలకు గ్యారంటీ సంతకాలు పెట్టిన ప్రమోటర్లకు కూడా 2019 డిసెంబరు 1 నుంచి ఈ కోడ్ వర్తిస్తోంది.

మరి మామూలు మనిషికి? అతనికి ఇప్పటికీ దిక్కు బ్రిటిష్ వాళ్లు చేసిన 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. ఐపీ పెట్టడానికి బాకీలు కనీసం 500 రూపాయలుండాలని అందులో రాసి ఉంది. ఆ అంకె చాలు, చట్టం వయసెంతో చెప్పడానికి. దివాలాదారుగా ప్రకటించాక స్థానిక సంస్థల పదవులకు కూడా అనర్హుడు. 2016 కోడ్‌లోనే పేదవాడి కోసం 'ఫ్రెష్ స్టార్ట్' అనే అధ్యాయం ఉంది. ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తులు 20 వేలు, బాకీలు 35 వేలు మించకుండా, సొంత ఇల్లు లేనివాడు దరఖాస్తు చేసుకుంటే, అర్హమైన బాకీలు రద్దు చేసి కొత్త జీవితం మొదలుపెట్టనివ్వాలన్నది దాని సారం. ఆ సెక్షన్లు పుస్తకంలో ఉన్నాయి. అమల్లోకి మాత్రం రాలేదు. ప్రమోటరు గ్యారంటీకి మూడేళ్లలో మోక్షం దొరికింది. 35 వేల బాకీ ఉన్న కూలీకి నోటిఫికేషన్ రాలేదు.

తెలుగు నేల మీద ఈ ఆలస్యం ఎంత బరువో లెక్కలే చెబుతాయి. 2019లో కేంద్రం జరిపిన వ్యవసాయ కుటుంబాల సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. దేశం సగటు 50.2 శాతం. ఆంధ్రలో సగటు బాకీ రూ. 2.45 లక్షలు, దేశంలోనే అత్యధికం. పదిలో తొమ్మిది ఇళ్లు అప్పుల్లో ఉన్నచోట అప్పును ఒక్కొక్కరి నడవడికకు అంటగట్టడం ఎలా కుదురుతుంది?

2010 గుర్తున్నవాళ్లకు ఇంకో విషయం తెలుసు. ఆ ఏడాది హైదరాబాద్ కేంద్రంగా పేదలకు చిన్న అప్పులిచ్చే ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్ మార్కెట్‌కు వెళ్లింది. షేరు 985 రూపాయలు. ఇష్యూకు 13 రెట్లకు పైగా బిడ్లు వచ్చాయి. పేదరికం మీద గెలుపు అని సంబరపడ్డారు. ఆ గెలుపు వెనక ఉన్నది వారం వారం కంతు కట్టే ఆడవాళ్లు. గ్రూపులో ఒకామె కట్టకపోతే మిగతావాళ్లు ఆమె గడప ముందు కూర్చునేవాళ్లు. పరువే అక్కడ తాకట్టు. అదే ఏడాది వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక మహిళలు ప్రాణాలు తీసుకున్న వార్తలు వరుసగా వచ్చాయి. అక్టోబరులో ఈ వసూళ్లను కట్టడి చేస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. షేర్ మార్కెట్ గెలుపుకూ గడప ముందు కూర్చోబెట్టడానికీ మధ్య దూరం కొన్ని వారాలే. ఇప్పుడు గడప అవసరం కూడా లేదు. 2020లో హైదరాబాద్ పోలీసుల ముందుకొచ్చిన లోన్ యాప్ కేసుల్లో ఫోన్‌లోని కాంటాక్టులన్నిటికీ మెసేజ్‌లు పంపి పరువు తీయడమే వసూలు పద్ధతి.

'అందరికీ ఇలా మాఫీ చేస్తూపోతే ఎవడూ కట్టడు' అనే మాట నేను తేలిగ్గా తీసేయను. మా నాయనమ్మ 8 వేలు కూడా ఒక పేదరాలి డబ్బే. చిన్నవాడికి అప్పిచ్చేది చాలాసార్లు ఇంకో చిన్నవాడే. చీటీ పాడుకుని పారిపోయినవాడి వల్ల కూతురి పెళ్లి ఆగిపోయిన ఇళ్లు నాకు తెలుసు. కాబట్టి ఎవరైనా చేయి దులుపుకుని పోవచ్చని నేను అనను. కోర్టు కాగితాలు చూడాలి, ఆస్తులు దాచాడేమో తేల్చాలి, మోసం చేసినవాణ్ని వదలకూడదు. అయితే ఇవన్నీ కంపెనీల విషయంలోనూ చేయాల్సిన పనులే, అక్కడ చేస్తున్నామనే చెప్పుకుంటున్నాం కూడా. 'ఎవడూ కట్టడు' అనే భయం ల్యాంకో లాంటి కేసుల్లో చట్టం తేవడానికి అడ్డం రాలేదు. ఏడు సంక్రాంతులు వచ్చి చెల్లు రాసిన మనిషి విషయంలోనే అడ్డం వస్తోంది.

ఇక ఎన్నికల రుణమాఫీలు. 2014లో ఆంధ్రలో లక్షన్నర దాకా, 2024లో తెలంగాణలో 2 లక్షల దాకా ఇచ్చారు. ఎంతోమందికి ఊపిరి పోశాయి, నేను కాదనను. కానీ అది బ్యాంకులో పంట రుణం ఉన్నవాడికి అందే సాయం. పాసుబుక్కు లేని కౌలురైతుకు బ్యాంకు రుణమే లేదు, మాఫీ ఎక్కడిది? పురుగుమందుల కొట్టు బాకీకి, నూటికి మూడు రూపాయల నోటుకు మాఫీ లేదు. పైగా అది అయిదేళ్లకోసారి వచ్చే దయ. దయ కోసం ఎదురుచూసేవాడు తలొంచుకునే ఉంటాడు. కంపెనీ డైరెక్టరు ట్రిబ్యునల్‌కు తలెత్తుకునే వెళ్తాడు, ఎందుకంటే అది హక్కు.

పెద్ద బాకీల గురించి ఒక మాట మాత్రం సరిచేయాలి. 2023-24 దాకా పదేళ్లలో బ్యాంకులు రూ. 16.35 లక్షల కోట్లు రైట్ ఆఫ్ చేశాయని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. ఇదంతా మాఫీ అని ప్రచారం జరుగుతోంది, అది నిజం కాదు. పుస్తకాల్లోంచి తీసినా వసూలు హక్కు ఉంటుంది. కానీ ఈ వివరణను ఎంత ఓపిగ్గా ఇచ్చారో చూడండి. రైతు బాకీ గురించి అంత ఓపిగ్గా ఎవరైనా వివరించారా?

తెలుగు రాష్ట్రాల ఎంపీలు 42 మంది లోక్‌సభలో ఉన్నారు. ఫ్రెష్ స్టార్ట్ అధ్యాయం ఎప్పుడు అమల్లోకి వస్తుందని వాళ్లు అడగాలి. 2016లో పెట్టిన 60 వేలు, 35 వేలు పరిమితులు ఇప్పటి ధరలకు సరిపోవు, వాటిని పెంచమని అడగాలి. దరఖాస్తు జిల్లా కేంద్రంలోనే, తెలుగులోనే పెట్టుకునే వీలుండాలి. లోన్ యాప్ బాకీ, కొట్టు బాకీ, నోటు బాకీ అన్నీ ఆ లెక్కలోకి రావాలి. మా ఊరి సేటుకు అప్పట్లో అలాంటి దారి ఉండి ఉంటే సీలింగ్ ఫ్యాన్ విప్పుకుపోయినవాళ్లూ, నాయనమ్మా కోర్టు నియమించిన ఒక రిసీవర్ ముందు వరుసలో నిలబడి తలా కొంత తీసుకునేవాళ్లు. ఆయన మా వీధిలోనే కొట్టు మళ్లీ తెరిచేవాడు.