ఉగాది సభలో ఆఖరి పేరు

పోయిన ఉగాదికి ఒడిశాలోని మన బరంపురం తెలుగు సంఘం హాల్లో ఉన్నవాళ్లకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. పంచాంగ శ్రవణం అయింది, పచ్చడి గ్లాసులు తిరిగాయి, తరవాత ఇంజినీరింగ్ పిల్లలకి సన్మానం. ఏటా లాగే పేరు, కాలేజీ, ప్యాకేజీ వరసగా మైకులో చదివారు. పన్నెండు లక్షలంటే ఓ మోస్తరు చప్పట్లు. ఇరవై దాటితే హాలంతా మోగిపోయింది. ఆఖర్న ఒక అమ్మాయిని పిలిచారు. "ఈ పాప ఏదో రీసెర్చి చేస్తోందట. ప్యాకేజీ ఇంకా రాలేదు, త్వరలో రావాలని అందరం ఆశీర్వదిద్దాం" అన్నారు. నాలుగు చప్పట్లు పడ్డాయి, అంతే. అప్పటికే సగంమంది భోజనాల వైపు నడుస్తున్నారు.

ఆ పిల్ల నాకు రెండు కుర్చీల అవతల నుంచి లేచి వెళ్లింది. మధ్యలో వాళ్ల నాయనమ్మ కూర్చుని ఉంది. ఆవిడకి చెవి సరిగా వినపడదు. "ఏటన్నారమ్మా మా పిల్లని?" అని నన్ను అడిగింది. "బాగా చదువుతోందన్నారు పిన్నిగారూ" అన్నాను. మైకులో ఎవరూ ఆ మాట అనలేదు. అది గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మైకు పట్టుకున్న పెద్దాయన్ని నేను తప్పుపట్టడం లేదు. మన ఇళ్లలో పెళ్లిళ్లకీ పేరంటాలకీ మనం అడిగే ప్రశ్నే ఆయన అక్కడ అడిగారు. కానీ ఆ పిల్ల చేస్తున్న పనేమిటో ఆ హాల్లో ఒక్కరూ అడగలేదు. నేను మర్నాడు వాళ్లింటికి వెళ్లి అడిగాను.

అరుగు మీద చాప వేసి ల్యాప్‌టాప్ పెట్టింది. నాయనమ్మ గొంతు రికార్డు చేసిన ముక్క ఒకటి వినిపించింది. "మా గుంటడు పఖాళ తినీసి తొంగున్నాడు." అంటే మా పిల్లాడు చద్దన్నం తినేసి పడుకున్నాడని. మన బరంపురంలో ఏ ఇంట్లోనైనా ఎండాకాలం మధ్యాహ్నం వినపడే మాటే. మాట విని అక్షరాల్లో రాసే కంప్యూటర్ యంత్రం దాన్ని ఏం రాసిందో తెర మీద చూపించింది. "మా గంటలు పగలు తినేసి లొంగున్నాడు." నవ్వొచ్చింది, కానీ ఆ పిల్ల నవ్వలేదు. "చూడండి ఆంటీ, పఖాళ ఒడియా మాట, గుంటడు మన వైపు మాట. దీనికి రెండూ తెలీవు. ఇది నేర్చుకున్న తెలుగులో మా నాయనమ్మ లేదు" అంది. రెండో ఏడాది శీతాకాలం సెలవుల నుంచీ ఇదే పని. గొంతులు రికార్డు చెయ్యడం, విన్నది విన్నట్టు చేత్తో టైపు చెయ్యడం, దాంతో యంత్రానికి తర్ఫీదు ఇవ్వడం, నూటికి ఎన్ని మాటలు తప్పు రాసిందో మళ్లీ లెక్కకట్టడం. ఒక కాగితం మీద తారీఖులవారీగా ఆ లెక్కలు రాసుకుంది. కొట్టివేతలే ఎక్కువ. లెక్కల మాస్టరమ్మని కనక ఆ కొట్టివేతల విలువ నాకు తెలుసు.

పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి పంతులుగారు చేసింది ఇలాంటి పని కాదా? సవర అనే గిరిజన తెగ మనిషిని ఇంట్లో పెట్టుకుని, మాట మాట విని రాసుకుని, 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు తెచ్చారు. ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసి దండ వేస్తాం. అదే పని కంప్యూటర్ మీద చేస్తున్న మన పిల్లని మాత్రం ప్యాకేజీ రాలేదని ఆఖర్న పిలుస్తాం.

ఇక మావాడి సంగతి చెప్పాలి.

పదో తరగతి అవగానే ఇంటర్‌కి అటు ఆంధ్రలో ఒక కోస్తా పట్నంలో హాస్టల్లో వేశాం. మన సరిహద్దు తెలుగువాళ్లలో చాలామంది చేసే పనే. ఎందుకు చేస్తామో నాకు బాగా తెలుసు. కోచింగ్ ఒక్కటే కాదు. పిల్లాడు తెలుగు చదవడం, రాయడం నేర్చుకుని వస్తాడని, నలుగురు మనవాళ్లు తెలుస్తారని. ఇక్కడ తెలుగు బళ్లు ఒక్కొక్కటే మూతపడుతుంటే ఆ ఆశ తప్పెలా అవుతుంది? తెల్లవారుజామున స్టేషన్లో వాడి ట్రంకు పెట్టె, ఆవకాయ సీసా రైలెక్కించి, బండి ఇచ్ఛాపురం దాటిందని ఫోను వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీదే కూర్చున్నాను.

రెండేళ్లయ్యాక జేఈఈలో ర్యాంకు వచ్చింది. కేంద్రం నడిపే ఇంజినీరింగ్ కాలేజీలైన ఎన్ఐటీల కౌన్సెలింగ్‌లో అర్హత రాష్ట్రం అనే గడి ఒకటి ఉంటుంది. అందులో ఆంధ్రప్రదేశ్ అని పడింది. పుట్టింది బరంపురంలో, పదో తరగతి దాకా చదివింది బరంపురంలో, రేషన్ కార్డు బరంపురంది. అయినా అక్కడ చూసేది పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారన్నదే. ప్రతి ఎన్ఐటీలో సగం సీట్లు ఆ రాష్ట్రం పిల్లలకి. ఒడిశా పిల్లలకి అది రూర్కెలా. 1961లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కాలేజీగా (ఆర్ఈసీ) మొదలై, పీహెచ్‌డీ విద్యార్థులూ ల్యాబులూ దండిగా ఉన్న చోటు. వాడికొచ్చిన ర్యాంకుకి ఇక్కడ ప్లస్ టూ చదివి ఉంటే ఏదో ఒక బ్రాంచి కోసం గట్టిగా ప్రయత్నించేవాళ్లం. పోనీ అటు ఆంధ్రలో సరాసరి సీటు తీసుకుందామా అంటే, అక్కడ నూటికి ఎనభై అయిదు సీట్లు లోకల్ వాళ్లకి. లోకల్ కావాలంటే వరసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి. మావాడు చదివింది రెండేళ్లు. రెంటికీ చెడ్డ రేవడి అంటే అప్పుడు తెలిసింది నాకు. పిల్లలకి కోఆర్డినేట్ జామెట్రీ చెప్పే మనిషిని, నా కొడుకు ఏ గడిలో పడతాడో ముందు చూసుకోలేదు.

తరవాత హోర్డింగులు చూసి, ప్లేస్‌మెంట్ పుస్తకం చూసి ఓ కాలేజీలో చేర్చాం. చేర్చిన రోజు రీసెర్చి ల్యాబ్ చూపించారు. అద్దాల తలుపు, లోపల నీలం లైట్లు వెలుగుతున్న పెద్ద మిషను. రెండో ఏడాది వాడు ఆ తలుపు దగ్గరికి వెళ్తే తాళం వేసి ఉంది. మాస్టార్ని అడిగితే "అవన్నీ ఎంటెక్ వాళ్లకి, నువ్వు ముందు కోడింగ్ టెస్టులు చూసుకో" అన్నారట. మళ్లీ రెండుసార్లు వెళ్లాడు. మూడో ఏడాది నించీ వెళ్లడం మానేశాడు. మంచి ఉద్యోగమే వచ్చింది. రెండేళ్ల కిందట మన వేదిక మీదే వాడి ప్యాకేజీ చదివారు, నేనూ చప్పట్లు కొట్టాను. మొన్న దసరాకి వచ్చినప్పుడు ఆ అమ్మాయి వాళ్ల అరుగు మీద, ఆ ల్యాప్‌టాప్ ముందు, రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాడు. భోజనానికి పిలిచినా లేవలేదు.

కాబట్టి పదో తరగతి పిల్లలున్న తల్లిదండ్రులకి నా మొదటి మాట. హాస్టల్ ఫీజు కట్టేముందు ఈ గడి సంగతి తేల్చుకోండి. రెండో మాట కాలేజీ ఎంచుకునే వేళకి సంబంధించినది. ప్యాకేజీ అడగండి. అడగొద్దని చెప్పే హక్కు నాకు లేదు. పట్టు మగ్గం అమ్మి, బ్యాంకు అప్పు తెచ్చి చదివించిన ఇళ్లు నా వీధిలోనే ఉన్నాయి, మొదటి జీతం ఆ ఇంటికి ఊపిరి. కానీ దాంతోపాటు ల్యాబు తలుపు సంగతీ అడగండి. బీటెక్ పిల్లలకి తాళం ఏ ఏడాది నుంచి ఇస్తారు? ఆ పెద్ద మిషన్లోకి లాగిన్ ఎవరికి ఉంది? డిపార్ట్‌మెంట్‌లో పూర్తికాలం పీహెచ్‌డీ చేసేవాళ్లు ఎంతమంది? వాళ్లున్న చోటే పిల్లలు వాళ్ల పక్కన కూర్చుని పని నేర్చుకుంటారు. అడ్మిషన్ కౌంటర్లో అడిగితే బ్రోషర్లో ఉన్నదే చెబుతారు. క్యాంటీన్లో మూడో ఏడాది పిల్లల్ని అడగండి.

ఇంట్లో కూర్చుని చూడగలిగింది కూడా ఉంది. కాలేజీ వెబ్‌సైటులో మాస్టార్ల పేర్లు తీసుకుని, రీసెర్చి పేపర్లు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో కొట్టండి. గత మూడేళ్లలో రాసిన పేపర్లున్నాయా, వాటి మీద పక్కన బీటెక్ పిల్లల పేర్లున్నాయా చూడండి. డబ్బు కడితే వారంలో అచ్చువేసే పత్రికలు కుప్పలుగా ఉన్నాయి, వాటి లెక్క చూసి మురిసిపోకండి. ఇంకొకటి. ఇంజినీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే ఏఐసీటీఈ లెక్కే ఇరవైమంది పిల్లలకి ఒక మాస్టారు. పైగా ఒక బ్రాంచిలో 240 సీట్లన్న హద్దుని 2024-25 నుంచి ఎత్తేశారు. పది సెక్షన్లు నడిపే కాలేజీలో మీ పిల్ల పేరు గుర్తుపెట్టుకునే మాస్టారు దొరకడం కష్టం. పేరున్న చోట కంప్యూటర్స్ కోసం పాకులాడి, వేరేచోట చిన్న డిపార్ట్‌మెంట్‌లో గణితమో ఎలక్ట్రానిక్సో వదులుకోవడం అన్నిసార్లూ తెలివైన పని కాదు.

రీసెర్చి మీదే మనసున్న పిల్లలకి హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఐదేళ్ల కోర్సుంది, బీటెక్‌తో పాటు రీసెర్చి చేసి ఎంఎస్ తీసుకునేది. దానికి వాళ్ల పరీక్ష వేరు, ఇంటర్వ్యూ వేరు. భాషల సాంకేతికానికి అక్కడ ప్రత్యేక కేంద్రమే ఉంది. ఫీజు మాత్రం తక్కువేం కాదు. ఇటు మనకి బుర్లాలో ఇంజినీరింగ్ యూనివర్సిటీ, భువనేశ్వర్‌లో ఐఐటీ, ట్రిపుల్ ఐటీ, ఊళ్లోనే 2009లో వచ్చిన పరళా మహారాజా ఇంజినీరింగ్ కాలేజీ ఉన్నాయి. ఏ కాలేజీలో ఉన్నా ఎండాకాలం దారి ఒకటి తెరిచే ఉంటుంది. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్‌తో ఎనిమిది వారాలు మంచి ల్యాబులో పని చెయ్యొచ్చు. మన ఊళ్లో 2016 నుంచీ ఐసర్ అనే కేంద్ర సైన్సు పరిశోధన సంస్థ ఉంది. అక్కడి మాస్టారికి ఉత్తరం రాయడానికి రైలు టిక్కెట్టు కూడా అక్కర్లేదు. ఉత్తరం ఎలా రాయాలో ఆ అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను. ఆమె ఆరుగురికి రాసింది. ప్రతి ఒక్కరి పేపరూ ఒకటి చదివి, అందులో అర్థంకాని చోటు పట్టుకుని ప్రశ్న అడిగింది. ఒక్కరు జవాబిచ్చారు. ఆ ఒక్క జవాబుతోనే మొదలైంది ఇదంతా.

ఆ అమ్మాయి ప్లస్ టూ ఇక్కడే చదివింది. హాస్టల్‌కి పంపే స్తోమత లేక. అప్పట్లో మనమే "అయ్యో పాపం" అన్నాం.

సంఘం కార్యవర్గానికి నా మనవి ఇది. వచ్చే ఉగాదికి ప్యాకేజీల పట్టీ చదవడం మానండి, పిల్లలు చేసిన పని చదవండి. శాలువాలకీ మెమెంటోలకీ పెట్టే డబ్బులో కొంత తీసి, ప్రతి ఏడాదీ ఒక్క పిల్లకో పిల్లాడికో ఎనిమిది వారాల భోజనం, రానుపోను ఛార్జీలు ఇవ్వండి. పది పరీక్షలకి ముందే ఒక ఆదివారం తల్లిదండ్రుల్ని పిలిస్తే, ఆ అర్హత రాష్ట్రం గడి గురించి నేనే వచ్చి బోర్డు మీద రాసి చెబుతాను. జీతం అక్కర్లేదు.

ఇంకొక మాట. ఆ అమ్మాయికి గొంతులు చాలడం లేదు. బరంపురంవి ఉన్నాయి కానీ పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం, జయపురం వైపు తెలుగు ఇంకా దొరకలేదు. ఇళ్లలో డెబ్భై దాటిన పెద్దవాళ్లుంటే ఓ గంట మాట్లాడించమని అడుగుతోంది. వంట గురించైనా, ఠాకురాణి జాతర గురించైనా, ఏదైనా సరే. మీ ఊరి సంఘం ప్రతినిధికి చెబితే చాలు, సెలవుల్లో ఆమే రికార్డరు పట్టుకుని వస్తుంది. నాయనమ్మ కూడా వస్తానంటోంది.